గాటు లేని మొక్కలు

నర్సరాయన సాక్ష్యం చెప్పడానికి లేచేసరికి, రెండో బెంచీలో కూర్చున్న తోటక్క పొయ్యి ఆర్పి వచ్చానా లేదా అని మథనపడుతోంది. సంఘంలో అందరూ ఆమెను తోటక్క అనే పిలుస్తారు. ఇంటి వెనక మామిడితోట ఉంది కాబట్టి ఆ పేరు. ఆ తోట కాయల్ని ఒకసారి తిన్నవాడు మళ్లీ అడగడు కాబట్టి ఆ పేరులో కొంచెం వెటకారం కూడా ఉంది.

నర్సరాయన కిందటి ఆదివారమే బాప్తిస్మం తీసుకున్నాడు. రోడ్డు మలుపులో మొక్కలు అమ్ముకునే ఆ మనిషి మొహం వారం రోజులుగా తళతళలాడుతూనే ఉంది. మైకును కూడా మొక్కలకి అంటు కట్టే కత్తి పట్టుకున్నట్టే, బొటనవేలు మొదట ఆనించి పట్టుకున్నాడు.

"నేను పాపిని," అన్నాడు.

"స్తోత్రం," అంది సంఘం అలవాటుగా. సాక్ష్యాలన్నీ అలాగే మొదలవుతాయి. తర్వాత తాగుడో, పేకాటో, పెళ్లాన్ని కొట్టడమో వస్తుంది. అందరూ దానికి సిద్ధపడి కూర్చున్నారు.

"నేను టెంక మొక్కల్ని అంటు మొక్కలని చెప్పి అమ్మాను."

ఎవరికీ అర్థం కాలేదు. ఒకావిడ స్తోత్రం అనబోయి ఆగిపోయింది. నర్సరాయన ఉత్సాహం ఆగేది కాదు గనక, విడమరిచి చెప్పాడు. టెంక నాటితే మొలిచేది నాటు మొక్క. దాని కాయ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు, ఎక్కువగా పులుపూ పీచూనే. అందుకే దాని తల కోసి, మొదలు చీల్చి, మంచి చెట్టు పుల్లని చెక్కి అందులో దించి, పట్టీ చుట్టి కడతారు. రెండూ అతుక్కుంటే అంటు మొక్క.

"పన్నెండేళ్ల కిందట నేను కట్టిన పుల్లలన్నీ మాడిపోయాయి. అడిగినవాళ్లేమో గుమ్మంలో నిలబడ్డారు. పరువు పోతుందని టెంక మొక్కలకే ఊరికే పట్టీలు చుట్టి ఇచ్చేశాను. లోపల గాటే లేదు. నా ప్రభువు నన్ను కడిగేశాడు, మంచులాగా చేశాడు. అందుకే దాచుకోను. ఆ మొక్కలు ఎవరికిచ్చానో కూడా చెప్తా. ఇదిగో, మన తోటక్కకే."

గుడిలో ఉన్న తలలన్నీ ఒక్కసారి రెండో బెంచీ వైపు తిరిగాయి.

"అక్కగారూ, దేవుడు క్షమించేశాడు. మీరు కూడా ఒక్క మాట అంటే నా సంతోషం నిండిపోతుంది."

తోటక్క లేచి నిలబడింది. కాళ్లు లేచాయి గానీ బుర్ర ఇంకా కూర్చునే ఉంది. అంతమంది కళ్లు మీద పెట్టుకుని "ఆలోచించుకుని చెప్తా" అనగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. "క్షమించాను," అంది. చప్పట్లు మోగాయి, వెంటనే డప్పులు, కీబోర్డు అందుకున్నాయి. జనమంతా లేచి పాడుతున్నారు. పాట రెండో చరణానికి వచ్చాకగానీ ఆమె బుర్రలో అసలు సంగతి వెలగలేదు.

అయితే మరిది కాదు.

చిన్నోడు కాదు. ఆ మొక్కల్ని మధ్యలో మార్చింది చిన్నోడు కాదు.

పాటల పుస్తకం బెంచీ మీద పడేసి, నిలబడ్డవాళ్లని తోసుకుంటూ, చెప్పులు కుడిదెడమకి వేసుకుని బయటికి పరుగెత్తింది. ఆత్మ తాకిందేమో అనుకుని ఇద్దరు ముగ్గురు సంతోషించారు.

నర్సరాయన బయటికి వచ్చేదాకా ఆమె గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. పాస్టరుగారు కూడా వెనకే వచ్చారు, ఇలాంటివి గేటు దగ్గర తెగుతాయని ఆయనకి అనుభవం.

"మొక్కలు మా మరిది చేతికే ఇచ్చావా? లారీలో ఎక్కించింది నువ్వేనా?"

"నేనే అక్కా. నా చేత్తోనే ఎక్కించా."

"దారిలో మారే అవకాశం లేదు కదా?"

"మారడానికేముంది అక్కా? బయల్దేరేటప్పుడే దొంగవి."

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎందుకో తెలియక నర్సరాయన కూడా నవ్వాడు. అప్పుడామె చెప్పింది. నాలుగో ఏటికి కాయాల్సిన చెట్లు ఏడో ఏటికి కాశాయి. నోట్లో పెట్టుకుంటే పళ్లు పులిసిపోయాయి. నర్సరాయన చెయ్యి మంచిదని ఊరంతా అంటుంది, ఆమె కూడా పట్టీలు విప్పినప్పుడు చూసింది. మొదళ్లు నున్నగా, చేత్తో రాస్తే ఎక్కడ అతికాడో తెలియనంత చక్కగా ఉన్నాయి. ఇంత పనిమంతుడు మోసం చేస్తాడా? అయితే మధ్యలో మోసుకొచ్చినవాడే చేసి ఉంటాడు. మంచివి ఎవరికో ఇచ్చి, ఈ చెత్త తెచ్చి నాటాడు. చిన్నోడు కాదన్నాడు. ఆమె వినలేదు. అన్నం పెట్టిన ఇంటికే ఎసరు పెట్టావని నలుగురి ముందూ అంది. అతను చొక్కాలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అయిదేళ్లయింది.

నర్సరాయన మొహంలో తళతళ ఒక్కసారిగా పోయింది.

"ఆ సంగతి నాకు తెలీదక్కా. చెట్లు పులుపు కాశాయనే అనుకున్నా. ఇంట్లోంచి మనిషి పోయాడని తెలీదు." బిక్కమొహంతో, "దేవుడు క్షమించాడు కదా?" అన్నాడు.

"క్షమించాడు. నేనూ క్షమించా. ఆ మాట వెళ్లి చెట్లకి చెప్పు."

పాస్టరుగారు నవ్వలేదు. "అమ్మా, ప్రభువు సమాధిలోంచి లేచి వచ్చాక కూడా చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి," అన్నారు మెల్లిగా. "మరణాన్నే గెలిచినవాడు ఆ గుర్తులు చెరుపుకోలేక కాదు." ఇంకేదో చెబుతారని ఇద్దరూ చూశారు. ఆయన అంతటితో సరిపెట్టి, ఎండలో నిలబడొద్దని ఇద్దర్నీ పంపేశారు.

పోయేముందు నర్సరాయన ఒక దారి చెప్పాడు. చెట్లు పీకక్కర్లేదు. రొమ్మెత్తున తలలు కోసేస్తే వానలకి మోడులోంచి కొత్త చిగుళ్లు వస్తాయి. ఆ చిగుళ్లకి మంచి పుల్లలు అంటు కట్టొచ్చు. వేరు పాతదే ఉంటుంది, కాయ మాత్రం మారుతుంది. ముప్పై చెట్లకీ తనే కడతాడు, ఈసారి ఒక్కొక్క పట్టీ ఆమె ముందే చుడతాడు. కోయడానికి మాత్రం రంపం మిషను కావాలి.

తోటక్క ఇంటికి వెళ్లేదాకా కూడా ఆగలేకపోయింది. వీధి మలుపు నుంచే "ఏమండీ" అని కేకేసింది. భర్తకి జ్వరం వల్ల ఆ పూట గుడికి సెలవు. ఆయన వరండాలో కూర్చుని నీళ్ల పైపుకి పడిన చిల్లికి రబ్బరు ముక్క చుడుతున్నాడు. ఆమె చెప్పినదంతా, ఊపిరి తీసుకోకుండా చెప్పినదంతా విని, చుట్టడం ఆపకుండా, "నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"వాడు మార్చలేదని."

"తెలిస్తే చెప్పొద్దూ?"

"ఒకసారి చెప్పా. నువ్వు మూడు రోజులు మాట్లాడలేదు. నాకు ఇంట్లో మాట్లాడే మనిషి కావాలనిపించింది, ఊరుకున్నా."

ఆమెకి కోపం రావాలి. రాలేదు, సంతోషం అంత ఎక్కువగా ఉంది. "వాడెక్కడున్నాడో కనుక్కోవాలి. ఎక్కడని వెతుకుతాం?"

"పక్క ఊళ్లో, కలప కోత మిల్లులో," అన్నాడాయన. "నెలకోసారి వెళ్లొస్తున్నా."

"ఎప్పుడు?"

"ఎరువుల కొట్టుకి వెళ్లినప్పుడు."

తోటక్క నోరు వెళ్లబెట్టింది. ఈయన ఎరువుల కొట్టుకి వెళ్లి ఎరువు లేకుండా తిరిగి వచ్చిన రోజులన్నీ కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. స్టాకు లేదట, కొట్టువాడి అత్త పోయిందట, ధర పెంచాడట. ఎంతమంది అత్తల్ని చంపాడో ఆ కొట్టువాడికి. నవ్వు వచ్చింది, నవ్వుతూ నవ్వుతూ ఆమె వరండా అరుగు మీద కూర్చుండిపోయి కళ్లు తుడుచుకుంది. ఆయన పైపు కింద పెట్టి పక్కన కూర్చున్నాడు. "వెళ్లు," అన్నాడు. "నేను పిలిస్తే రాడు. చాలాసార్లు పిలిచా. అన్నది నువ్వు కదా."

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కింది. ఒళ్లో వేడివేడి క్యారేజీ. కిటికీ పక్కన కూర్చుని ఏం చెప్పాలో మనసులో పదిసార్లు అనుకుంది, అనుకున్న ప్రతిసారీ చివర చిన్నోడు నవ్వాడు. ఒకసారైతే ఏడ్చాడు కూడా. పక్కావిడ ఎక్కడికని అడిగితే, "మా మరిదిని ఇంటికి తీసుకురావడానికి," అని బస్సంతా వినేట్టు చెప్పింది.

మిల్లులో రంపం చక్రం గిర్రున తిరుగుతోంది. రంపపు పొట్టు గాలిలో తేలి వాకిట్లోకి వస్తోంది. చిన్నోడు వీపు ఇటు పెట్టి, పెద్ద దుంగని రెండు చేతులా నెడుతున్నాడు. తల మీద పొట్టు పేరుకుని సగం నెరిసినట్టు ఉంది. దుంగ రెండుగా విడిపోయాక, పలకని పక్కకి లాగడానికి ఎడమ చెయ్యి చాచాడు. ఆ చేతికి చిటికెన వేలూ ఉంగరపు వేలూ లేవు.

అనుకున్న మాటలన్నీ ఆమె నోట్లోనే ఆగిపోయాయి. కానీ ఉత్సాహం అంత తొందరగా చచ్చేది కాదు. అతను మిషను ఆపి, మెడ తుడుచుకుంటూ దగ్గరికి రాగానే బయటికి తన్నుకొచ్చింది.

"నువ్వు కాదని తేలిపోయింది రా."

చిన్నోడు ఆమె మొహంలోకి చూశాడు. "తేలడమేంటి వదినా? నాకు మొదట్నుంచీ తెలుసు కదా."

ఆ మాట విసురుగా అనలేదు. టైమెంతైందని అడిగితే చెప్పినట్టు అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఆమె నర్సరాయన సంగతి చెప్పింది, గుడి సంగతి చెప్పింది, తను తప్పు చేశానంది, అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందూ అంటానంది. "నన్ను క్షమించు," అంది.

"క్షమించా వదినా. ఎప్పుడో." తన ఎడమ చెయ్యి ఎత్తి, ఎవరిదో చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఇక్కడ మనసులో కోపం పెట్టుకుని పని చేయకూడదు. మొదట్లో పెట్టుకున్నా. రంపం ముందు నిలబడి మనసులో నీతో వాదించేవాణ్ని. ఒకరోజు వాదనలో పడి చెయ్యి చూసుకోలేదు. ఆస్పత్రిలో ఉన్నప్పుడే వదిలేశా. అప్పట్నుంచి కోపం లేదు. ఒట్టు."

ఆమె ఆ చెయ్యి పట్టుకోబోయింది. అతను లాక్కోలేదు గానీ అందించనూ లేదు.

"అయితే ఇంటికి రా. నీ గది అలాగే ఉంది. మంచం కూడా జరపలేదు. ఏమీ జరగనట్టు ఉందాం."

"అది మాత్రం అడగొద్దు. ఏమీ జరగనట్టు ఉండాలంటే రోజంతా నటించాలి. నాకు రాదు."

"కోపం లేదంటివి."

"లేదు. వేళ్లు కూడా లేవు."

ఆమె క్యారేజీ చాపింది. "మిల్లులోనే తింటాం వదినా, వద్దు," అన్నాడు. చివరికి ఆమెనలా ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేకనేమో, చెట్ల సంగతి అడిగాడు. రంపం మిషను తన దగ్గరుంది. ఎల్లుండి మిల్లుకి సెలవు. పనికి వస్తానన్నాడు. "పనికే," అని ఇంకోసారి అన్నాడు.

తిరుగు బస్సులో తోటక్క కుతకుత ఉడికిపోయింది. క్షమించాడట, ఇంటికి మాత్రం రాడట. ఇదేం క్షమించడం? అంత దూరం వెళ్లి, తలొంచి, నోరారా అడిగితే ఒక్క మెతుకు ముట్టడా? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అయింది తన బతుకు, పోనీ ఆ ఆకులైనా సరిగ్గా అందడం లేదు. ఒక్క మాట అంటే తన సంతోషం నిండిపోయేది కదా...

అక్కడ ఆమె ఆలోచన టక్కున ఆగింది. ఆ మాట నిన్న ఎవరో అన్నారు. మైకు పట్టుకుని, తళతళలాడే మొహంతో అన్నారు. నిన్న ఆ మనిషి తన ముందు ఎలా నిలబడ్డాడో, ఇవాళ తను చిన్నోడి ముందు అచ్చం అలాగే నిలబడి వచ్చింది. ఒంటి మీది చెమట చల్లబడింది. క్యారేజీ మాత్రం ఇంకా వేడిగానే ఉంది, ఇంటిదాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకుంది.

అయినా మనిషి ఆశ చెడ్డది. రెండు రోజులూ ఆమె ఇల్లు దులిపింది. చిన్నోడి పాత కంచం అటక మీద నుంచి దింపి తోమింది. బల్ల దగ్గర అతను కూర్చునే కుర్చీ, గోడవైపుది, తుడిచి పెట్టింది. పనికే వస్తానన్నాడు, సరే. వచ్చాక ఆకలేస్తుంది. ఆకలేస్తే లోపలికి వస్తాడు. లోపలికి వస్తే అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. ఆ తర్వాత ఎవరి వల్ల అవుతుంది బయటికి వెళ్లడం?

నర్సరాయన అందరికన్నా ముందొచ్చాడు. ఒక చేతిలో కోతలకి పూసే నీలం పూత డబ్బా, చంకలో కుండీ. కుండీలో చిన్న మామిడి మొక్క.

"మీకోసమే తెచ్చా అక్కా. నిజమైన అంటు ఎలా ఉంటుందో మీరు చూడాలి." పట్టీ విప్పి మొదలు చూపించాడు. జానెడు ఎత్తున ముడిలాగా ఉబ్బి, ఒక పక్కకి వంకరగా, నల్లటి చార. "ఈ ముడి చెట్టు చచ్చేదాకా పోదు. చెట్టుతోపాటే లావవుతుంది. కొనేవాళ్లు ఇది బాలేదని నున్నగా ఉన్నవి ఏరుకుంటారు. నున్నగా ఉందంటే అక్కడ ఏదీ అతకలేదనే."

తోటక్క వేలు పెట్టి ఆ ముడిని తడిమింది. పన్నెండేళ్ల కిందట పట్టీలు విప్పి, ఎంత నున్నగా ఉన్నాయో అని మురిసిపోయింది తనే. ఆ నునుపు చూసే నర్సరాయన చెయ్యి మంచిదంది, ఆ నునుపు చూసే చిన్నోణ్ని దొంగంది.

చిన్నోడు వచ్చాడు. అన్న ఎదురెళ్లి భుజం మీది మిషను అందుకున్నాడు. నర్సరాయన డబ్బా కింద పెట్టి, రెండడుగులు ముందుకేసి, నిన్నటిదాకా సిద్ధం చేసుకున్న మాటేదో మింగేశాడు.

"నా పట్టీల వల్ల..." అని మొదలుపెట్టి, ఆ చేతి వైపు చూసి ఆపేశాడు. "నేనేం చెప్పను బాబూ."

"ఏం చెప్పొద్దు మావా. ఎంత ఎత్తున కొయ్యాలో చెప్పు."

అంతే, పని మొదలైంది. రంపం ఒక్కసారి గర్జించేసరికి పక్కింటి పిట్టగోడ మీద పిల్లులన్నీ మాయమయ్యాయి. నర్సరాయన ఒక్కో చెట్టు దగ్గర నిలబడి గోరుతో బెరడు మీద గీత గీస్తాడు, నీళ్లు నిలవకుండా కోత ఏటవాలుగా ఉండాలంటాడు. చిన్నోడు కింది నుంచి సగం, పై నుంచి సగం కోస్తాడు. చెట్టు తల ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, పెళపెళమంటూ పక్కకి ఒరుగుతుంది. వెంటనే నర్సరాయన కుంచెతో కోత మీద నీలం పూత పూస్తాడు. అన్నా వదినా కొమ్మల్ని ఈడ్చుకెళ్లి గోడవార వేస్తారు. ఆకుల పచ్చి వాసన, పెట్రోలు వాసన, ముక్కులో పొట్టు. చెట్టు పడినప్పుడల్లా ఇంత ఆకాశం కొత్తగా బయటపడుతోంది. భర్త జ్వరం సంగతి ఆయనకే గుర్తు లేదు. ఒక చెట్టు ఒరిగేటప్పుడు, "తప్పుకో వదినా," అని చిన్నోడు అరిచాడు, పాత రోజుల్లో అరిచినట్టే. ఆ ఒక్క అరుపుకే ఆమె ఒళ్లు తేలికైపోయి, తనకన్నా పెద్ద కొమ్మని ఒక్కతే ఈడ్చింది.

ఎండ నడినెత్తికొచ్చేసరికి తోటలో నిలబడినవన్నీ నీలం తలల మోడులు. పన్నెండేళ్ల చెట్లు రొమ్మెత్తున ఆగిపోయాయి. చూడటానికి బాగాలేదు. ఆ సంగతి నలుగురికీ తెలుసు.

చిన్నోడు కొళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. వచ్చి, వరండా మెట్ల మీద కూర్చున్నాడు.

"ఇక్కడే తింటా వదినా," అన్నాడు.

భర్త ఆమె వైపు చూశాడు. లోపల కుర్చీ ఉంది, కంచం ఉంది, రెండు రోజుల కష్టం ఉంది. "లోపలికి రా" అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది. బల్ల దగ్గర నిలబడి గోడవైపు కుర్చీని చూసింది. తళతళలాడేట్టు తుడిచిన కుర్చీ, ఎక్కడా గీత లేదు. బల్ల అంచు మీద, పొద్దున ముడిని తడిమిన వేలు తెలియకుండానే ఆడుతోంది. అక్కడే నిలబడి, చప్పుడు కాకుండా ఏడ్చింది. తర్వాత కంచాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చింది, గిన్నెలు ఎత్తుకుంది, మోచేత్తో తలుపు తోసుకుని బయటికి వచ్చింది.

"జరుగు," అంది చిన్నోడితో.

అతను జరిగాడు. ఆమె అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది. భర్త కింది మెట్టు మీద కూర్చున్నాడు. నర్సరాయన దూరంగా, ఆఖరి మోడు దగ్గర, ఎప్పుడో పూసిన కోతకే మళ్లీ మళ్లీ పూత పూస్తున్నాడు.

"రా మావా," అని కేకేశాడు చిన్నోడు. "ఆ మోడుని ఎంతసేపు ముద్దు చేస్తావు? చెయ్యి కడుక్కుని రా."

నలుగురూ మెట్ల మీద తిన్నారు. చిన్నోడి ఎడమ చేతిలో కంచం ఒక పక్కకి వాలుతోంది, అతను దాన్ని మోకాలికి ఆనించుకున్నాడు. ఆమె చూసింది. చూపు తిప్పుకోలేదు.

"చిగుళ్లు ఎన్నాళ్లకి వస్తాయి?" అని అడిగాడు అతను.

"వానలు పడితే రెండు మూడు నెలలకి కట్టొచ్చు," అన్నాడు నర్సరాయన.

"కట్టేటప్పుడు కబురు పెట్టండి. వస్తా." కంచంలోకి చూస్తూనే అన్నాడు. "పట్టీ చుట్టడానికి మూడు వేళ్లు చాలు."

తోటక్క గరిటెతో ఇంకొంచెం తీసి అతని కంచంలో వేసింది. అతను వద్దనలేదు.